విధేయరావు మూడో పిలుపు

ఒక పెద్ద అడవిలో ఒక కొండముచ్చు ఉండేది. పెద్ద అడవి అంటే మీరనుకునేంత కాదు. తూర్పు చివర కోకిల కూస్తే, పడమటి చివరి కోకిల జవాబు మరుసటి వసంతానికి గానీ వచ్చేది కాదు. ఆ కొండముచ్చుని నేనే.

నా ప్రతాపాల సంగతి తర్వాత చెప్పుకోవచ్చు గానీ, నా తోక సంగతి ముందు చెప్పకపోతే కథ కదలదు. దాని కొసన వాన పడితే, ఆ కబురు తలకి చేరేసరికి ఎండ కాసి తోక ఆరిపోయేది. దారి తప్పిన ఏనుగుల మంద నా తోక వెంబడే నడిచి ఇల్లు చేరిన సందర్భాలున్నాయి. ఇప్పుడు పొట్టిగా కనిపిస్తోందంటారా? అక్కడికే వస్తున్నాను.

ఆ అడవికి రాజు పెద్దపులి. సభకి పెద్ద ఏనుగమ్మ. చదువు చెప్పేవాడు నెమలి పంతులు. వీళ్ళందరికీ సలహాలిచ్చేది, వాళ్ళు అడగకపోయినా సరే, నేను.

మా అడవిలో ఒక మర్యాద ఉండేది. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి కదలకూడదు. కదిలితే, పాపం వీడికి వేరే పనేమీ లేదనుకుంటారు. అది నామర్దా. మొదటి పిలుపుకి చెవి గోక్కోవాలి. రెండో పిలుపుకి కూర్చున్నచోటి నుంచే "ఆఁ, వస్తున్నా" అనాలి. మూడో పిలుపుకి లేచి, అప్పటిదాకా దారిలోనే ఉన్నట్టు ఆయాసపడుతూ పరుగెత్తుకు రావాలి. రాజుగారు మాత్రం ఆయాసపడేవారు కాదు. ఒళ్ళు విరుచుకుంటూ వచ్చేవారు. రాజు కదా.

ఇలా ఎవరి మర్యాదలో వాళ్ళుండగా, ఎవరిదో జీపు ఒకటి అడవి దారిలో ఎగిరెగిరి పోతూ ఓ కుక్కపిల్లని జారవిడిచి పోయింది. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి, గుప్పెడంత ఉంది. నేను పదహారు చెట్లు ఒకే దూకులో దాటి, అది నేలకి తాకకముందే ఒంటిచేత్తో పట్టుకున్నాను. అది నేలమీద కూర్చుని ఏడుస్తుంటే నేను చెట్టు మీంచి చూస్తూ ఉన్నానని ఏనుగమ్మ చెబుతుంది. ఆవిడకి వయసైపోయింది.

"అయ్యో నా బంగారుకొండ!" అంటూ ఏనుగమ్మ దాన్ని తొండంతో ఎత్తుకుంది. ఆ రాత్రి వాడు ఆవిడ నాలుగు కాళ్ళ మధ్య పడుకున్నాడు. వాడి నిద్ర చెడుతుందని ఆవిడ తెల్లవార్లూ కాలు మార్చుకోలేదు. పొద్దున కుంటుతూ సభకి వచ్చి, "రాత్రి భలే నిద్రపట్టింది" అని అందరికీ చెప్పింది.

ముద్దు ముద్దుగా ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత వాడికి పళ్ళొచ్చాయి.

కుందేళ్ళు ఇంట్లో ఉండగానే వాడు బయటి నుంచి గొయ్యి తవ్వి, వంటింట్లోకి తల పెట్టి పలకరించాడు. నెమలి పంతులు ఈకలు నమిలాడు. రాజుగారి సింహాసనం బండ కింద ఎముక దాచిపెట్టి, ఎక్కడ దాచాడో మరిచిపోయి, చుట్టూ తవ్వేశాడు. ఆ సాయంత్రం రాజుగారు గంభీరంగా కూర్చోగానే బండ ఒక పక్కకి ఒరిగింది. పక్కకి ఒరిగిన రాజుగారి తోక కిందికి వేలాడింది. వేలాడేది ఏదైనా వాడికి ఆటవస్తువే.

రాజుగారి గాండ్రింపుకి అడవిలో పండినవి పండనివి అన్ని కాయలూ రాలాయి.

మర్నాడు అత్యవసర సభ జరిగింది. అత్యవసరం కాబట్టి ఒక్కొక్కరినీ మూడేసిసార్లు పిలిచేసరికి మధ్యాహ్నమైంది.

"ఈ జంతువుకి మాట వినే లక్షణం లేదు. ఏం చెయ్యాలో చెప్పండి," అన్నారు రాజుగారు తోక నాకుకుంటూ.

వెనక వరసలోంచి చిరుత లేచింది. ఒంటికి మచ్చలున్నా మాటకి నునుపు. "ప్రభూ, నాకు అప్పగించండి. కుక్కపిల్లలంటే నాకు ప్రాణం."

"అవును, ఎముక కూడా మిగల్చనంత ప్రాణం," అన్నాను నేను.

ఏనుగమ్మ వాణ్ణి గబుక్కున కాళ్ళ మధ్యకి లాక్కుంది. "చిన్నపిల్లాడు ప్రభూ! నేర్పితే నేర్చుకుంటాడు. మన్నించండి."

రాజుగారు అటు చూశారు, ఇటు చూశారు. "సరే. పౌర్ణమికి పరీక్ష. పిలిస్తే రావాలి. వస్తే మనలో ఒకడు. రాకపోతే చిరుత పాలు."

చిరుత ఆ రోజు నుంచే ఉపవాసం మొదలుపెట్టింది.

శిక్షణకి సంఘం వేశారు. సంఘం మొట్టమొదట చేసిన పని పేరు పెట్టడం. నెమలి పంతులు ఆలోచించి, "విధేయరావు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. సగం శిక్షణ అయిపోయినట్టే అనిపించింది. విధేయరావు ఆ సమయంలో నా తోక కొస నములుతున్నాడు.

అసలు కుక్కల్ని పెంచడంలో నాకున్న అనుభవం అడవి మొత్తంలో ఎవరికీ లేదు. అడవి బంగళా చూరు మీద కూర్చుని, కిందన ఓ పెద్దమనిషి కుక్కకి నేర్పడం కళ్ళారా చూశాను. "కూర్చో" అని ఆయన అరిచేవాడు. కుక్క నిలబడేది. ఆయన మళ్ళీ అరిచి, బతిమాలి, చివరికి తనే కూర్చుని ఎలా కూర్చోవాలో చూపించేవాడు. అప్పుడు కుక్క వచ్చి ఆయన జేబులోంచి బిస్కెట్టు తీసుకునేది. ఇద్దరూ సంతోషంగా లోపలికి పోయేవారు. ఇంతకంటే శాస్త్రం ఏముంటుంది?

కానీ నెమలి పంతులు నా శాస్త్రాన్ని దగ్గరికి రానివ్వలేదు. తనకి తన పద్ధతే పద్ధతి.

"శిష్యా! ఆసీనుడవు కమ్ము!" అన్నాడు పంతులు.

"కూచో నాన్నా, కాళ్ళు నొప్పెడతాయి," అంది ఏనుగమ్మ.

"కూలబడరా!" అన్నాను నేను.

విధేయరావు ముగ్గురినీ చూసి, ఎవరి మాటా కాదనలేక వెల్లకిలా పడుకుని పొట్ట చూపించాడు. ఏనుగమ్మ కరిగిపోయింది. "చూడన్నయ్యా, ఎంత తెలివో!" అని నాతో అంటూ తొండంతో పొట్ట నిమిరి, రెండు ఈతపళ్ళు నోట్లో పెట్టింది. ఆ తర్వాత కూర్చో అన్నా, నిలబడు అన్నా, రాజుగారు వస్తున్నారన్నా వాడు చేసే పని అదొక్కటే.

వాడు తప్పు చేసినప్పుడల్లా పంతులుకి కోపం నెత్తికెక్కేది. పురి విప్పి, గంతులేసి, గిర్రున తిరుగుతూ తిట్టేవాడు. విధేయరావు నోట్లో ఉన్నది నేల మీద వదిలేసి, నోరు తెరుచుకుని చూస్తూ కూర్చునేవాడు. అంత అందమైన నాట్యం వాడు పుట్టి ఎరగడు. అది మళ్ళీ చూడాలంటే మళ్ళీ ఏం చెయ్యాలో వాడికి బాగా అర్థమైంది. పంతులు రోజంతా నాట్యం చేసి, సాయంత్రానికి రెక్కలు వాల్చేసి, "కుర్రాడిలో పట్టుదల ఉంది" అనేవాడు.

ఇక పిలిస్తే రావడం. పరీక్షంతా దాని మీదే గదా! అది నేను తీసుకున్నాను. శిక్షణలో నా తోక త్యాగం చేశానని చరిత్రలో రాయించుకోవాల్సింది, మా అడవిలో రాసేవాడు లేకపోయాడు.

"రారా!" అన్నాను. వాడు వెనక్కాలుతో చెవి గోక్కున్నాడు.

"రారా నాయనా!" అన్నాను. వాడు కూర్చున్నచోటి నుంచే ఒక్కసారి "భౌ" అన్నాడు.

"రారా వెధవా!" అన్నాను. అంతే! విల్లు వదిలిన బాణంలా వచ్చి, నన్ను వెల్లకిలా పడగొట్టి, మొహమంతా నాకి, నా తోక పట్టుకుని వేలాడాడు.

ఎన్నిసార్లు చేసినా ఇంతే. మొదట గోకుడు, తర్వాత భౌ, మూడోసారి బాణం, ఆఖరికి తోక. వదలమంటే వదిలేవాడు కాదు. పంతులు "విడువుము" అనేవాడు, ఏనుగమ్మ "తర్వాత ఆడుకుందువు నాన్నా" అనేది, నేను అన్నది ఇక్కడ చెప్పదగ్గది కాదు. నా తోక రోజుకి జానెడు చొప్పున అరిగిపోయింది.

"వీడికి ఈ బుద్ధి ఎక్కడిదో!" అన్నాను నేను.

ఆ సమయంలో రాజుగారు ఏనుగమ్మని పిలుస్తున్నారు. ఆవిడ చెవి గోక్కుంటోంది.

పౌర్ణమి వచ్చింది. ముందురోజు నుంచీ ఏనుగమ్మ మేత ముట్టలేదు. విధేయరావుకి ఒళ్ళంతా కడిగింది. వాడు వెంటనే బురదలో పొర్లి వచ్చాడు. మళ్ళీ కడిగింది.

"పరీక్షకి శుభ్రంగా వెళ్ళాలి నాన్నా. పిలిస్తే వెంటనే వెళ్ళు. ఒక్కసారి పిలవగానే. నా మాట విను," అంటూ బతిమాలింది. వాడు ఆవిడ కన్నీళ్ళు నాకి, తొండం కొస కొరికాడు.

సభ నిండింది. రాజుగారు సరిచేసిన బండ మీద జాగ్రత్తగా కూర్చున్నారు. ఏనుగమ్మ పిలవడానికి గొంతు సవరించుకుంది.

"ఒక్క మనవి ప్రభూ," అంటూ చిరుత లేచింది. ఉపవాసంతో మచ్చలు కూడా దగ్గరదగ్గరకి వచ్చేశాయి. "వీళ్ళంతా పెంచినవాళ్ళు. మచ్చికైన గొంతు పిలిస్తే ఎవడైనా వస్తాడు. అందులో విధేయత ఏముంది? ఎవరు పిలిచినా రావాలి. అందుకని నేను పిలుస్తాను."

వస్తే చిరుత నోట్లోకి వస్తాడు. రాకపోతే ఓడి, అదే నోట్లోకి పోతాడు.

"న్యాయంగానే ఉంది," అన్నారు రాజుగారు. ఆయన తోక ఇంకా నొప్పిగానే ఉంది.

చిరుత సభ మధ్యలో పొట్ట నేలకానించి కూర్చుంది. వెనక్కాళ్ళు బిగించింది. గొంతులో తేనె పోసుకుంది. "రా బాబూ, రా!"

విధేయరావు చెవి గోక్కున్నాడు.

"రాలేదు!" చిరుత ఎగిరి లేచింది. "ఓడిపోయాడు! ఇక నాదే!"

"ఆగవయ్యా!" అంది ఏనుగమ్మ. ఆవిడ సభ మధ్యకి వచ్చి నిలబడితే సగం వెన్నెల ఆగిపోయింది. "ప్రభూ, తప్పయితే క్షమించండి. ఇవాళ ఈ సభకి మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచాం?"

రాజుగారు దగ్గారు.

"మొదటి పిలుపుకి రానివాడు చిరుత పాలైతే, ఈ అడవిలో మిగిలేది ఎవరు? పంతులుగారూ, మీరు వచ్చారా?"

పంతులు తన ఈకలు లెక్కపెట్టుకోవడంలో మునిగిపోయాడు.

"ఏమయ్యా చిరుతా, నువ్వు వచ్చావా?"

చిరుత నేల చూపులు చూసింది. రాజుగారు చాలాసేపు దగ్గి, "పద్ధతి పద్ధతే. ఇంకా రెండు పిలుపులున్నాయి, పిలువు," అన్నారు.

చిరుత మళ్ళీ పొంచి కూర్చుంది. ఈసారి తేనెలో కాస్త పుల్లదనం తగిలింది. "రమ్మంటున్నానుగా!"

విధేయరావు కూర్చున్నచోటి నుంచే "భౌ" అన్నాడు.

"వస్తున్నాడట," అంది ఏనుగమ్మ.

సభంతా గొల్లుమంది. చిరుతకి ఆకలి ఒకపక్క, అవమానం ఒకపక్క. గిరుక్కున రాజుగారి వైపు తిరిగింది. "ఇది పరీక్షా, పరిహాసమా ప్రభూ? వీడు ఈ జన్మలో రాడు! కావాలంటే చూడండి..." అంటూ, అటే తిరిగి ఉండి, వెనక్కి చూడకుండానే, తోక కొరడాలా ఆడిస్తూ విసుగ్గా ఒక్క కేక విసిరింది. "రారా!"

అది మూడో పిలుపు.

బాణం వదిలింది. విధేయరావు వచ్చేశాడు. పళ్ళున్న వైపు చిరుత రాజుగారితో మాట్లాడుతోంది. వాడికి అందిన వైపు తోక ఉంది. అది కూడా ఊగుతోంది!

చిరుత వేసిన కేకకి ఆకాశంలో చంద్రుడు ఓ అడుగు పక్కకి జరిగాడు, నేను చూశాను. అది గిరగిరా తిరిగింది. వాడూ తిరిగాడు. చెట్టెక్కింది. వాడూ వేలాడుతూ ఎక్కాడు. దిగి, వాగులో దూకి, ముళ్ళపొదలో దూరి, మళ్ళీ సభలోకే వచ్చి పడింది. నేను అప్పుడు ఒంటరిగా ఆ చిరుత మీదికి లంఘించి పది గుద్దులు గుద్దాను. చీకట్లో ఎవరూ చూడలేదు.

"విడిపించండి! ఎవరైనా విడిపించండి!" అని చిరుత ఏడ్చింది.

ఎవరు ఏమన్నా వాడు వినలేదు. చివరికి ఆ గందరగోళం తన మీదికి వస్తోందని నెమలి పంతులు హడలిపోయి పురి విప్పి గంతులేశాడు. విధేయరావుకి నాట్యం కనబడింది. నోట్లో ఉన్నది వదిలేసి, నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు.

చిరుత ఆగలేదు. కొండ దాటి, ఆ అవతలి కొండ దాటి పోయింది. మూడుసార్లు పిలిచినా తిరిగి రాలేదు.

ఏనుగమ్మ వాణ్ణి ఎత్తుకుని, చుట్టూ అంత సభ ఉందన్న సంగతి మరిచి ఏడ్చింది. "పిలిస్తే వచ్చాడు ప్రభూ. మన పద్ధతి ప్రకారం వచ్చాడు."

"గెలిచాడు!" అన్నారు రాజుగారు. శిక్షణ ఘనత తనదని పంతులు, తోక నాది కాబట్టి ఘనత నాదని నేను, ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం.

అప్పుడు రాజుగారు దీవించడానికి వాణ్ణి దగ్గరికి పిలిచారు. "రారా, విధేయరావ్!"

విధేయరావు చెవి గోక్కున్నాడు.

రాజుగారు రెండోసారి పిలిచారు. "భౌ" వినబడింది. మూడోసారి పిలవబోయి, రాజుగారు ఒక్క క్షణం ఆగి, తన తోకని మెల్లగా ఒంటి కిందికి సర్దుకుని, దాని మీద కూర్చుని, అప్పుడు పిలిచారు.

పిలవగానే పరుగెత్తుకెళ్ళడం మంచి అలవాటే. మర్నాటికి మిగిలి ఉండటం అంతకంటే మంచి అలవాటు.