మోచేయి మునగాలి

శనివారం ఉదయం జయపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. విజయవాడలో ఏడింటి బస్సు ఎక్కాలి, చల్లపల్లిలో దిగాలి, కాబోయే మామగారి చేతుల మీదుగా నీళ్ళలో ఒక్క మునక మునగాలి, తల తుడుచుకోవాలి, భోజనాల వేళకు ఏమీ ఎరగనివాడిలా ఇల్లు చేరాలి. బుధవారం పెళ్ళి. ఈలోగా అమ్మకు తెలియకూడదు. అంతే.

జయపాల్ రైల్వే రిజర్వేషను కౌంటరులో గుమాస్తా. అద్దం వెనక కూర్చుని రోజుకు వందమందికి "బెర్తుల్లేవండీ" అని చెప్పగల మనిషి, కౌంటరు దిగాక ఒక్కరికి కూడా లేదని చెప్పలేడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కాబోయే మామగారు యేసుపాదం డ్రిల్లు మాస్టారుగా రిటైరై, చల్లపల్లిలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి పెద్దగా ఉన్నారు. "తెలివొచ్చాక, పాపాలు ఒప్పుకుని, నీళ్ళలో నిండా మునిగితేనే క్షమాపణ బాబూ. పసిపిల్లాడి నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే అది తలస్నానం కూడా కాదు. మునగనివాడికి మా అమ్మాయినివ్వను" అని ఆయన అన్నప్పుడు, జయపాల్ "సరేనండీ" అన్నాడు.

తల్లి దయామణి ఇంకో మాట అన్నది. "నెలలు నిండకుండా పుట్టి నలభై రోజులు అద్దాలపెట్టెలో ఉన్నావు. బతికి బయటికొచ్చాక, మన చర్చి గుళ్ళో అయ్యగారు నీ నెత్తిన నీళ్ళు పోస్తుంటే నీ తరఫున దేవుడికి మాటిచ్చింది నేనురా. ఇప్పుడు రెండోసారి మునిగావంటే నా మాట చెల్లలేదనేగా? అట్టా చేస్తే ఆ పెళ్ళికి నేను రాను." దానికీ జయపాల్ "సరేనమ్మా" అన్నాడు.

రెండు సరేల నడుమ నలిగిపోతూ అతడు పెళ్ళికూతురు కృపకు ఫోను చేశాడు. కృప బడిపిల్లలకు పాఠం చెప్పినంత ఓపికగా చెప్పింది. "క్షమించేది నీళ్ళు కాదండీ, దేవుడు. నమ్మినప్పుడే క్షమాపణ అయిపోద్ది. నీళ్ళలో దిగేది నలుగురికీ తెలియడానికి. ఈ మాట నేనన్నానని మాత్రం మా నాన్నతో అనకండి."

ఒక్క పెళ్ళికి మూడు సిద్ధాంతాలు. జయపాల్ గడప దాటుతుండగా నాలుగోది ఎదురయింది. అది తల్లి ప్రశ్న.

"పొద్దున్నే ఎక్కడికిరా?"

"చల్లపల్లి... పెళ్ళి పంచెలకి. అక్కడ అంకమ్మరావని నేతాయన ఉన్నాడు. మామగారి దగ్గర చదువుకున్నాడంట."

ఆ పేరు కృప ఎప్పుడో మాటల మధ్య అన్నది. నోటికి అందిన పేరు చెప్పేసి అతడు బస్సు ఎక్కేశాడు. దయామణి గుమ్మంలో నిలబడి, వీధి మలుపు దాటేదాకా కొడుకును చూసింది. తరవాత ఆమె కూడా చీర మార్చుకుంది.

చల్లపల్లిలో పథకానికి మొదటి పగులు కనిపించింది. నిజానికి అది తొట్టికి వచ్చిన పగులు. సంఘం వారు బాప్తిస్మాల కోసం కట్టుకున్న సిమెంటు తొట్టి నెర్రెలిచ్చింది. పెళ్ళి పేరుతో దానికి కొత్తగా టైల్సు అతికిస్తున్నారు. మే నెల గనుక కాలువలకు నీళ్ళు కట్టేశారు. కృష్ణలో చూద్దామా అంటే పాదాలు తడిసేంత నీరు, కళ్ళు మండేంత ఇసుక.

"అంకమ్మరావింట్లో తొట్లున్నాయి. పదండి" అన్నారు యేసుపాదం.

చెప్పిన అబద్ధం నిజమవుతుంటే సంతోషించాలో భయపడాలో జయపాల్‌కు తోచలేదు.

అంకమ్మరావుకు యాభై ఏళ్ళు. నాలుగు మగ్గాల యజమాని. అయినా మాస్టారు వాకిట్లో కనిపించగానే రెండు చేతులూ పక్కలకు అంటించుకుని నిటారుగా నిలబడ్డాడు.

"తమరు అడగాలా మాస్టారూ! పెరట్లో నూలు జాడించే తొట్టి ఉంది. పొద్దున్నే బోరునీళ్ళు పట్టాం. వాడుకోండి" అని దారి చూపించి, బేరానికి ఎవరో వస్తే ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. అతడి భార్య చౌడేశ్వరి మగ్గం మీద ఉన్నది.

నీళ్ళు తేటగా ఉన్నాయి. తొట్టి పొడవు నాలుగున్నర అడుగులుంది. జయపాల్ ఆరడుగులున్నాడు.

తెల్లని అంగీ తొడుక్కుని జయపాల్ దిగాడు, వెనక యేసుపాదం దిగారు. ప్రార్థన చేశారు, వెల్లకిలా వంచారు, ముంచారు. జయపాల్ మోకాళ్ళు రెండూ పైకి లేచి ఎండలో మెరిశాయి.

"మోకాళ్ళు పైనే ఆగిపోయాయి. చెల్లదు. మళ్ళీ."

ఈసారి మోకాళ్ళను అదిమారు. తల పైకి వచ్చింది. మూడోసారి తలా మోకాళ్ళూ లోపలే ఉన్నాయి గానీ, ఊపిరాడక జయపాల్ తొట్టి అంచు పట్టుకోవడంతో మోచేయి బయటే ఉండిపోయింది.

"మోచేయి మునగాలి!" అని గర్జించారు యేసుపాదం.

వాళ్ళతో పాటు వచ్చి గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడిన కృప, "మూడుసార్లకీ కలిపి చూస్తే మొత్తం మనిషి మునిగినట్టే కదా నాన్నా?" అంది.

"విడతలవారీగా మునిగితే చెల్లదమ్మా."

అప్పుడు ఆయన చూపు పాక కింద చాప కప్పిన మరో తొట్టి మీద పడింది. అది ఏడడుగుల పొడవుంది, ఛాతీలోతుంది. చాప తీసి చూస్తే లోపల ఆకుపచ్చా పసుపూ కాని రంగులో నీళ్ళు, పైన పలచగా ఒక తెట్టు. యేసుపాదం ముఖం వికసించింది.

"అచ్చం మన కాలువ నీళ్ళే! నాచుతో సహా! అడిగితే ఇచ్చాడు చూడు దేవుడు."

జయపాల్ ఆ నీళ్ళ వంక అనుమానంగా చూశాడు. నాలిక చివరిదాకా ఒక మాట వచ్చింది. అలవాటు చొప్పున అది "సరేనండీ"గా మారిపోయింది.

ఇద్దరూ అందులోకి దిగారు. ఆ మునక చూడవలసిందే. కాలి బొటనవేలు మొదలు నడినెత్తి దాకా జయపాల్ కనిపించకుండా పోయాడు. యేసుపాదం భుజాల వరకు చేతులు దింపి, అణువణువూ తడిమి చూసి, "మోకాలు మునిగింది! మోచేయి మునిగింది! స్తోత్రం!" అని పైకి లేపారు. ఇద్దరూ గట్టెక్కారు. తలలు వంచారు, కళ్ళు మూశారు. యేసుపాదం కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. సంఘం మొత్తం ఎరిగిన సంగతి ఏమిటంటే, ఆ ప్రార్థన త్వరగా ముగిసేది కాదు.

సంఘం కోసం వేడుకున్నారు, దేశం కోసం వేడుకున్నారు, వానల కోసం వేడుకున్నారు. వానల దగ్గర కృప ఒక కన్ను తెరిచింది. వెంటనే రెండోదీ తెరిచింది.

"నాన్నా, ఆమెన్ అనండి."

"ఇంకా మీ ఇద్దరి కాపురం ఉందమ్మా."

"ముందు ఆమెన్ అనండి నాన్నా!"

యేసుపాదం కళ్ళు తెరిచారు. ఎదుట జయపాల్ నీలంగా ఉన్నాడు. అంగీ నీలం, ముఖం నీలం, చెవులు నీలం. ఆయన భయంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెయ్యీ నీలమే.

కృప కేక విని మగ్గం వదిలి పరుగెత్తుకొచ్చింది చౌడేశ్వరి. "అయ్యయ్యో! నీలిమందు తొట్టండీ అది! సున్నం, బెల్లం వేసి తొమ్మిది రోజులు పులియబెట్టాం. లోపలున్నంతసేపూ పచ్చగానే ఉంటది, గాలి తగిలితేనే నీలం తిరుగుద్ది!"

"ఎన్నాళ్ళుంటుందమ్మా?" నీరసంగా అడిగారు యేసుపాదం.

"బట్ట మీదయితే చిరిగిందాకా పోదండీ."

"మనిషి మీద?"

"మనుషుల్ని ఎప్పుడూ అద్దలేదండీ. నా చేతులకైతే పదిహేను రోజులు పడుద్ది."

వెనకే వచ్చిన అంకమ్మరావు జయపాల్ చుట్టూ ఒకసారి తిరిగి, పనివాడి కంటితో పరీక్షించాడు. "ఎక్కడా మచ్చ పడలేదు మాస్టారూ. ఎంత సమానంగా ముంచారండీ! పిల్లనగ్రోవి ఒక్కటే తక్కువ."

"అంకమ్మరావ్!"

అంకమ్మరావు చేతులు పక్కలకు అంటుకుపోయాయి.

నిమ్మచెక్కలు వచ్చాయి, శనగపిండి వచ్చింది, కొబ్బరిపీచు వచ్చింది. ముగ్గురు కలిసి తోమితే జయపాల్ నీలం పోలేదు సరిగదా, నిగనిగలాడింది. అప్పుడే వీధి వైపునుంచి ఒక గొంతు వినిపించింది.

"అంకమ్మరావుగారిల్లు ఇదేనాండీ? మా అబ్బాయి పంచెలకని వచ్చాడు."

జయపాల్ నీలిముఖం పాలిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలిసే వీలు లేదు. పెరట్లో దండేల మీద ఆరేసిన నీలి నూలు కట్టల, ఆ చిలపల మధ్యకు దూరి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. యేసుపాదం పాక స్తంభం వెనక్కి తప్పుకున్నారు. ఏం చెప్పాలో తోచని అంకమ్మరావు, తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. రంగులు చూపించడానికి దయామణిని సరాసరి పెరట్లోకి తీసుకొచ్చాడు.

ఆమె ఒక్కొక్క చిలపనూ వేళ్ళతో నలిపి చూస్తూ వచ్చింది. "ఇది లేతగా ఉంది... ఇది పర్లేదు... ఇదిగో, ఈ నీలం బావుంది. ఇదేంటి, వెచ్చగా ఉంది?"

"అమ్మా" అంది ఆ నీలం.

దయామణి వెనక్కి ఒక అడుగు వేసింది. కొడుకును చూసింది, అంగీని చూసింది, స్తంభానికి అటూ ఇటూ మిగిలిపోయిన వియ్యంకుడి నీలి భుజాలను చూసింది.

"అన్నయ్యగారూ, మావాడు మురికిగా ఉన్నాడనేగా కడగాలన్నారు? కడిగారా?"

యేసుపాదం స్తంభం వెనకనుంచి వచ్చి తలవంచి నిలబడ్డారు. అయినా సిద్ధాంతం సిద్ధాంతమే. "ఇది లెక్కలోకి రాదు చెల్లెమ్మా. నీళ్ళయి ఉండాలి. ఇది సున్నం, బెల్లం, మందు. ఇది బాప్తిస్మమే కాదు."

"అయితే ఇవాళ్టిది చెల్లదా?"

"చెల్లదు."

"అంటే మావాడికి ఇప్పటికీ ఉన్నది నేను చేయించిందేగా!" దయామణి ముఖం వెలిగిపోయింది. ఆమె పాకలోని స్టూలు లాక్కుని హాయిగా కూర్చుంది.

యేసుపాదం ఇరుక్కుపోయారు. చెల్లిందంటే నీళ్ళు లేకపోయినా ఫరవాలేదని ఒప్పుకోవాలి. చెల్లలేదంటే ఆవిడ గెలిచినట్టు. ఆయన అంగీ చేతులు మళ్ళీ పైకి మడిచారు. "రా బాబూ. మంచినీళ్ళలో ఇంకొక్కసారి."

"లేదండీ" అన్నాడు జయపాల్.

అందరికన్నా ముందు అతడే ఉలిక్కిపడ్డాడు. కౌంటరు లేకుండా ఆ మాట అనడం అతడి జన్మలో అదే మొదలు.

"నన్ను ఎన్నిసార్లయినా ముంచండి, పొద్దున అమ్మకి చెప్పిన అబద్ధం ఏ తొట్లో పోద్దండీ?" అని అతడు తల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "రెండు చోట్లా సరే అన్నానమ్మా. నీకు మొహం చూపించలేక అబద్ధమాడాను. నువ్వు రాకపోతే నాకు బుధవారం లేదు. క్షమించమ్మా."

నూలు చిలపలనుంచి నీలి చుక్కలు టప్‌టప్‌మని రాలుతున్నాయి.

"లేరా. పంచెలకెళ్ళేవాడు సంచీలో రెండు తువ్వాళ్ళెందుకు సర్దుకుంటాడురా? నాకు తెలీదనుకున్నావా? బస్టాండుకొచ్చేదాకా నిన్ను తిడదామనే వచ్చా. బస్సు ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి కోపం పోయింది. అక్కడే క్షమించేశా. రానన్నదాన్ని, వచ్చానా లేదా?" అని ఆమె కొడుకు చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె చేతులు కూడా నీలమయ్యాయి.

"చూశారా నాన్నా," కృప మెల్లగా అంది, "క్షమాపణ ఉయ్యూరులోనే అయిపోయింది. రంగు ఇక్కడ ఇంకా వదల్లేదు."

యేసుపాదం తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. చివరికి ఆయన గొంతు డ్రిల్లు మాస్టారుది కానంత చిన్నగా వచ్చింది.

"నలభై రెండేళ్ళ కిందట, కృష్ణలో నేను మునిగిన రోజు... మా అన్న పెళ్ళి వాచీ అడిగి పెట్టుకెళ్ళా. తడిస్తే చంపేస్తాడని ఈ చెయ్యి పైకెత్తే ఉంచా. బోధకుడుగారు చూడలేదు. నేనెవరికీ చెప్పలేదు. ఈ చెయ్యి ఇన్నేళ్ళూ మునగలేదమ్మా. అందుకే ఊళ్ళో అందరి మోచేతులూ పట్టుకు చూస్తా."

ముందు కృప నవ్వింది, ఆ నవ్వు జయపాల్‌కు అంటింది, చౌడేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దయామణి మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి, మంచినీళ్ళ తొట్టిలో చెంబు ముంచింది.

"చెయ్యి పట్టండి అన్నయ్యగారూ. మావాళ్ళ పద్ధతిలో నాలుగు చుక్కలు చాలు."

ఆయన ఒక్కక్షణం తటపటాయించారు. తరవాత, పసివాడిలా ఎడమచెయ్యి చాపారు. చల్లని నీళ్ళు నీలి చేతి మీదుగా జారి నేలలో ఇంకాయి. ఆయన కళ్ళు తుడుచుకుంటే బుగ్గల మీద రెండు నీలి చారలు మిగిలాయి.

"మునగాలన్న మాట నేను వదలను చెల్లెమ్మా."

"వదలమని ఎవరన్నారు? నేనూ నా మాట వదలను."

"కానీ ఎవరెంత మునిగారో కొలిచే పని నాది కాదు. పెళ్ళి రిజిస్టరులో అబ్బాయి బాప్తిస్మం తేదీ రాయాలి. అద్దాలపెట్టెలోంచి వచ్చాక చేయించారే, ఆ తేదీ చెప్పండి."

దయామణి తేదీతో పాటు వారం, వేళ, ఆ రోజు పాడిన పాటలతో సహా చెప్పింది.

బుధవారం పెళ్ళి ఘనంగా జరిగింది. వరుడు ఆకాశవర్ణంలో, మామగారు భుజాల వరకు అదే వర్ణంలో, తల్లి అరచేతులు మాత్రం ఆ వర్ణంలో ఉండటం చూసి, వచ్చినవాళ్ళు అది ఆ సంఘంలో ఆచారం కాబోలనుకుని మర్యాదగా ఊరుకున్నారు. కొత్త టైల్సు ఆరిన తరవాత సంఘం తొట్టిలో మళ్ళీ బాప్తిస్మాలు మొదలయ్యాయి. ఇప్పుడు యేసుపాదంగారు దిగేవాళ్ళను పెద్దగా పరీక్షించడం లేదు గానీ, నీళ్ళలో మాత్రం ముందుగా ఒక తెల్లగుడ్డ ముంచి, పది నిమిషాలు గాలికి ఆరేసి చూస్తున్నారు.