దేముడమ్మ ఇంజను, రెండు సిద్ధాంతాలు

కమ్యూనిజానికీ సోషలిజానికీ తేడా తెలియని మనిషి ఊళ్లో మిగలకూడదని సర్పంచి గణపతిరావు శుక్రవారం మైకులో ప్రకటించారు. పాఠం ప్రాక్టికల్‌గా ఉంటుందన్నారు. అందుకు దేముడమ్మ ఆయిల్ ఇంజను ఎంపికైంది.

శృంగవరపుకోట పక్కనున్న ఆ ఊళ్లో వాగులాంటి గెడ్డనుంచి నీళ్లు తోడే ఇంజను అదొక్కటే. వానలు వెనకబడ్డాయి. తన అరెకరం నాట్లకని దేముడమ్మ పోసుకున్న వరినారు ఎండుముఖం పట్టింది.

"ముందు సోషలిజం. ఇంజను సమాజానిది. ఎవరి పనికి తగ్గ నీళ్లు వాళ్లకి," అన్నారు గణపతిరావు.

కొత్త ట్రాక్టరు మీద కూర్చుని వింటున్న సోములు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"ఎవుల పనెక్కువేటి బాబూ?" అంది దేముడమ్మ.

"నాదే అత్తా. పొద్దున్న లేస్తే ప్రజాసేవ. గొంతు సూడు, ఎలాగ పోయిందో," అన్నారు గణపతిరావు.

ఇంజను ఆయన పొలానికి వెళ్లింది. సమాజం తరఫున డీజిలు దేముడమ్మ పోసింది.

సోమవారం ఆమె మళ్లీ వచ్చింది. "నారు పసుపెక్కిపోతన్నాది బాబూ. ఒక్క పూట ఇయ్యి."

గణపతిరావు కదిలిపోయారు. సోషలిజంలో లోపం ఉందని అక్కడికక్కడే ఒప్పుకున్నారు. అలా ఒప్పుకునే నాయకులు అరుదు. సాయంత్రానికి కమ్యూనిజం ప్రకటించారు.

"ఇక పనితో పనిలేదు. ఎవులికెంత అవసరమో అంత."

"నాకే గదా బాబూ అవసరం!"

"నీది అరెకరం. నాది పన్నెండు. ఎవుల అవసరం పెద్దదో నువ్వే సెప్పత్తా."

దేముడమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"లెక్క కరెక్టే గదేటి పిన్నీ!" అని సోములు ట్రాక్టరు హారన్ కొట్టాడు.

వ్యవస్థ మారినా ఇంజనును కదపాల్సిన అవసరం రాలేదు.

గురువారం పిస్టన్ పట్టేసింది. మెకానిక్ చూసి పెదవి విరిచాడు. గంటలో మీటింగు పెట్టారు.

"సొంత ఆస్తి పవిత్రమైనది," అన్నారు గణపతిరావు. ఇంజనుకు బంతిపూల దండ వేయించి, డప్పులతో ఊరేగించి, దేముడమ్మ గుమ్మంలో దింపించారు. పక్కన నిలబడి ఫొటో దిగారు.

"మరి బాగుసేత బాబూ?"

"అది ఓనరుదే గదత్తా."

వచ్చే వారం సహకారోద్యమం మీద క్లాసు ఉంటుందని, ప్రాక్టికల్‌కు ట్రాక్టరు కావాలని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. సోములు కొట్టలేదు.

చీకటి పడేవేళ, నారుకు పోద్దామని దేముడమ్మ గెడ్డలో బిందె ముంచుతోంది. గట్టుమీద ట్రాక్టరు ఒకటి లైట్లు వేయకుండా పోతోంది.

"ఎక్కడికిరా సోములూ?"

"అత్తోరి ఊరికి పిన్నీ. అక్కడ సర్పంచికి సదువు రాదట."