అరగని బ్రేకు

పళ్ళ డాక్టరుగారి ఎర్ర కారుకు కొత్త బ్రేకు డిస్కులు ఎంపిక చేసే నిమిత్తం వారాంతపు కార్ల సంఘం సర్వసభ్య సమావేశం ఆదివారం ఉదయం ఆయన ఇంటి ముందు, రోడ్డుకు అడ్డంగా కుర్చీలు వేసుకుని, నిండుగా జరిగింది. పాత డిస్కులకు ఏ లోపమూ లేదన్న సంగతి అందరికీ ముందే తెలుసు కాబట్టి ఆ విషయం చర్చకు రాలేదు.

తెలియనివారి సౌకర్యార్థం ఒక్క మాట. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని రెండు వైపులా అదిమి పట్టుకుంటాయి, బండి ఆగుతుంది. ఇంత చిన్న పనికి అంత పెద్ద సభ ఎందుకని అడిగేవాళ్ళకు సొంత కారైనా ఉండి ఉండదు, లేదా ఉన్నదాన్ని రోజూ ఆఫీసుకు వేసుకుపోయే అల్పసంతోషులైనా అయి ఉంటారు. డాక్టరుగారి కారు అలాంటిది కాదు. అది వారమంతా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఆదివారం లేచి వీధి చివర టీ కొట్టు దాకా వెళ్ళి, తోటి కార్ల పక్కన బానెట్టు తెరుచుకుని కాసేపు నిలబడి, తిరిగి వస్తుంది. ఆ దారిలో రద్దీ వల్ల సైకిళ్ళు దాన్ని దాటిపోతుంటాయి. అయినా ఎప్పుడో ఒకనాడు రోడ్డంతా ఖాళీ అయిపోయి, కారు రెక్కలొచ్చినట్టు దూసుకుపోయి, హఠాత్తుగా ఆగాల్సి వస్తే? ఈ ప్రశ్నతో డాక్టరుగారికి అన్నం సయించడం మానేసింది.

సభ రెండు పక్షాలుగా చీలింది. డిస్కు నిండా చిల్లులుంటే గాలాడి వేడెక్కదని చిల్లుల పక్షం వాదించింది. చిల్లుల దగ్గరే ఇనుము బీటలిస్తుందనీ, గాట్లుంటే దుమ్మును గీకి పారేస్తాయనీ గాట్ల పక్షం ఎదురు తిరిగింది. నున్నటి డిస్కే చాలన్న పాపానికి ఒక సభ్యుడు మాట్లాడుతున్నంత సేపూ మిగతావాళ్ళు టీ తాగారు. డాక్టరుగారి మనసు మాత్రం మొదటినుంచీ చిల్లుల మీదే ఉంది. వారమంతా జనం పళ్ళలో చిల్లులు పూడ్చి సంపాదించింది, చిల్లులున్నందుకే ఎక్కువ ధర పలికే పళ్ళేనికి తగలెయ్యడంలో ఆయనకు వింతేమీ కనిపించలేదు.

సంఘాధ్యక్షుడు పరదాల షాపు ఓనరు. ఆయన లేచి, గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! వేగంగా పోవడం ఏముంది, కొండ మీంచి జారిన రాయి కూడా పోతుంది. ఆగడం! ఆగడమే నాగరికత! ఒక సమాజం ఎంత గొప్పదో దాని బ్రేకుల్ని చూసి చెప్పొచ్చు. డాక్టరుగారు ఇవాళ ఎంచుకునేది ఇనప ముక్కల్ని కాదు, మన విలువల్ని!"

చప్పట్లు మారుమోగాయి. కుర్చీలు దాటలేక ఆగిపోయిన పాల వ్యాను డ్రైవరు కూడా కొట్టాడు. కొడితే దారిస్తారనుకున్నాడు పాపం. మెకానిక్ ఏ పక్షంలోనూ చేరలేదు, ఎవరు గెలిచినా బిగించేది తనే కనక. "రెండూ ఉన్నవి కూడా వస్తున్నాయి సార్, చిల్లులూ గాట్లూ కలిపి" అన్నాడు. సభ హర్షధ్వానాల మధ్య ఏకగ్రీవంగా ఆమోదించింది.

డాక్టరుగారి భార్య లెక్కల టీచరు. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. ఊరవతల కొత్తగా కట్టిన బడికి ఆవిడను హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. అక్కడికి బస్సు లేదు. సెలవులు అయిపోయేలోగా కారు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని చేరాలి. లేదంటే ఆ పదవి ఇంకొకరికి పోతుంది. చాక్‌పీసు పొడి మింగుతూ ఏళ్ళ తరబడి ఆవిడ ఎదురుచూసింది ఆ కుర్చీ కోసమే.

"ఏమండీ, కారు నేర్పుతానన్నారు కదా?"

"డిస్కులు రానీ."

వచ్చాయి.

"బిగించనీ."

"ఇప్పుడున్నవాటితో కారు ఆగట్లేదా ఏంటి?"

"ఆగుతుంది. ఎలా ఆగుతుందన్నది ముఖ్యం."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

సాంకేతిక పరిజ్ఞానం లేనివారి మాటగా భావించి డాక్టరుగారు దాన్ని క్షమించారు.

డిస్కులు బిగించారు. చక్రాల సందుల్లోంచి తళతళలాడుతూ కనిపిస్తుంటే సంఘ సభ్యులు విడతలు విడతలుగా వచ్చి, వంగి చూసి, నిట్టూర్చి వెళ్ళారు. మొదటి ఆదివారం షికారులో డాక్టరుగారు సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కారు. ఇంటికొచ్చి చూస్తే చక్రం మీద నల్లటి దుమ్ము. డిస్కు మీద సన్నటి గీత. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "బ్రేకు వేస్తే అరుగుతుంది సార్" అన్నాడు. ఈ మాట సభలో ఎవరూ చెప్పలేదు.

ఆనాటినుంచి డాక్టరుగారు బ్రేకు జోలికి పోలేదు. వంద గజాల ముందునుంచే హారన్ మీద అరచెయ్యి ఆనించేవారు. జనం తప్పుకునేవారు. తప్పుకోకపోతే ఆయనే సందు చూసుకుని పక్కకు తిప్పేసేవారు. ఎర్ర దీపాన్ని సలహాగా స్వీకరించేవారు. దీనివల్ల ట్రాఫిక్‌లో ఏదో గొడవ జరుగుతుందని ఆయన కొంచెం భయపడిన మాట వాస్తవం. కానీ ఎవరూ గమనించనే లేదు. మిగతావాళ్ళంతా మామూలు డిస్కులతోనే అలా నడుపుతున్నారు.

సంఘం మాత్రం గమనించింది. 'బ్రేకు అరగని డ్రైవరు' అని చెక్కించిన ట్రోఫీ ఇచ్చింది. "బ్రేకు లేక ఆగనివాడు అభాగ్యుడు, ఉండీ ఆగనివాడు నిగ్రహశాలి" అని అధ్యక్షుడు ఉపన్యసించాడు.

టీచరమ్మ ఇక మొగుణ్ణి నమ్ముకోలేదు. డ్రైవింగ్ స్కూల్లో చేరి, సొట్టలు పడ్డ తెల్ల కారు మీద నేర్చుకుంది. రోడ్డు దాటే తెల్ల చారల మీద మనిషి కాలు పెడితే ఆపాలని అక్కడ చెప్పారు. లెక్కల టీచరు కదా, సూత్రమంటే సూత్రమే అనుకుంది. తీరా పరీక్ష నాటికి ఆ తెల్ల కారు మూలపడింది. బడి తెరిచే రోజు ముంచుకొచ్చింది. గత్యంతరం లేక డాక్టరుగారు ఎర్ర కారు తాళాలిచ్చారు.

"బ్రేకు మాత్రం కాస్త చూసి తొక్కు" అని వెనక ఇరుకు సీట్లో కూర్చున్నారు. లైసెన్సు ఇన్‌స్పెక్టరు ముందు కూర్చున్నాడు.

టీచరమ్మ బాగానే నడిపింది. బజారు మలుపు తిరగ్గానే తెల్ల చారలు కనిపించాయి. చేతిసంచితో ఒక పెద్దాయన చారల మీద కాలు పెడుతున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. ఆవిడ బ్రేకు తొక్కింది.

కారు ఆగింది. కుదుపు లేదు, కీచుమనలేదు, నిండు గ్లాసు పెట్టినా తొణికేది కాదు. డాక్టరుగారి ఒళ్ళు పులకరించింది. తను కొన్నది ఏమిటో ఆయనకు మొదటిసారి తెలిసింది. ఇంత చక్కగా ఆపింది తన భార్యేనన్న గర్వంతో ఆయన కళ్ళు చెమర్చాయి.

వెనక హారన్లు మొదలయ్యాయి. పెద్దాయన కదల్లేదు. కారు వంక అనుమానంగా చూశాడు.

"పోమ్మా, నువ్వు పో."

"మీరు దాటండి బాబాయిగారూ."

"ఎందుకూ? నేనేం చేశాను?" అని ఆయన గబగబా వెనక్కి నడిచి మళ్ళీ రోడ్డు పక్క గట్టెక్కాడు.

ఈలోగా హారన్లు మిన్నుముట్టాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"బండి చెడిందా?"

"లేదండీ. ఆయన దాటుతారని ఆపాను."

"ఆపమని ఆయనడిగాడా?"

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. "అమ్మా, కారణం లేకుండా నడిరోడ్డు మీద ఆపితే ప్రమాదం కదా?"

"కారణం అదిగో, గట్టు మీద నిలబడి ఉందండీ."

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. ఆవిడ కారు నడిపిన తీరు ఆయనకు నచ్చింది. ఎవరైనా ఒక్క మాట సాయం చేస్తే పాస్ చేసేద్దామని వెనక్కి తిరిగాడు.

"మీరు చెప్పండి డాక్టరుగారూ. ట్రోఫీ కూడా అందుకున్నారట. మీరైతే ఇక్కడ ఆపేవారా?"

అద్దంలోంచి టీచరమ్మ కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. డాక్టరుగారు కుక్కిన పేనులా ముడుచుకున్నారు. 'ఆపుతాను' అన్న ఒక్క ముక్కతో హెడ్మిస్ట్రెస్ కుర్చీ ఆవిడదవుతుందని ఆయనకు తెలుసు. కానీ వెనక అన్ని హారన్లు. అందులో ఒకటి అధ్యక్షుడిది. ఆ గొంతు ఆయన గుర్తుపట్టారు.

"ఆపను" అన్నారు.

టీచరమ్మ తాళాలు సీటు మీద పెట్టి, దిగి, నడిచి వెళ్ళిపోయింది. ఆ బడికి ఒక లెక్కల మాస్టారు హెడ్మాస్టరుగా వెళ్ళాడు. ఆయనకు డ్రైవింగ్ రాదు గానీ లైసెన్సు ఎప్పటినుంచో ఉంది. డాక్టరుగారు రుమాలుతో డిస్కులు తుడుచుకుని, హారన్ కొట్టుకుంటూ ఇల్లు చేరారు. టీచరమ్మ ఆయనతో మాట్లాడడం మానేసింది. ఆయనకు అది చాలా కష్టంగా ఉంది.

డాక్టరుగారిని మీరు తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోండి, తప్పులేదు. చేతిసంచి పెద్దాయన ఇంకా అవతలికి దాటలేదు. నిన్న ఆఫీసుకు పోతూ మీరు హారన్ కొట్టింది ఆయన్ని చూసే.