ఎర్ర రిబ్బను సీసా

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. వదిన, అంటే భర్తకి అక్క, తన పిల్లాణ్ణి దింపి, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తుంది. కొత్త దంపతులిద్దరూ మధ్యాహ్నం దాకా వాణ్ణి ఆడించి, పాలు పట్టి, నిద్రపుచ్చి తిరిగి అప్పగిస్తారు. ఇందుకోసం భర్త ఆఫీసుకు సెలవు పెట్టాడు. భార్య ముందు రోజే ఇల్లు కడిగి, పిల్లాడు పడితే దెబ్బ తగలకుండా ఇంట్లో ఉన్న దిండ్లన్నీ నేల మీద పరిచింది. పెళ్లయిన కొత్తలో బట్టలు మడతపెట్టడం కూడా విహారయాత్రలాగే ఉంటుంది. పిల్లాణ్ణి చూసుకోవడమంటే ఇక చెప్పేదేముంది?

పిల్లాడికి రెండో ఏడు నడుస్తోంది. ఇంట్లో అందరూ వాణ్ణి ఇన్‌స్పెక్టరు అంటారు. చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకు పెట్టి, గది గదీ తనిఖీ చేస్తూ తిరుగుతాడు. వాడికి బొమ్మలంటే లెక్కలేదు, మూతలంటే ప్రాణం. మూత కనబడితే తీస్తాడు, తీసిన దాన్ని ఇంకోదానికి పెడతాడు, పెట్టాక తృప్తిగా తలూపుతాడు.

వదిన గడప దాటకముందే చెప్పడం మొదలుపెట్టింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు వినకపోయినా ఫర్వాలేదు, నీ పెళ్లాం వినాలి. ఇదిగో మరదలా, వీడికి ఆవు పాలు పడవు. అరగకపోవడం కాదు, అసలు పడవు. ఒక్క గుక్క లోపలికి పోయినా మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేస్తాయి, ఆ వెనకే వాంతులు. పెరుగు, వెన్న, పాల బిస్కెట్లు అన్నీ దాని చుట్టాలే. ఇవి సోయా పాలు. వీడికి ఇవే."

"కళ్లలో పెట్టుకుని చూసుకుంటాం వదినా."

"కళ్లలో అక్కర్లేదమ్మా, కళ్లెదురుగా పెట్టుకోండి చాలు." వదిన గొంతు తగ్గించింది. "మా అత్తగారికి ఏడాదిగా చెప్తున్నా. పాలు తాగి చెడినవాడు లోకంలో ఉన్నాడా అంటుంది. రుజువు చూద్దామని ఓసారి చెంచాడు పట్టింది కూడా. ఆ రాత్రి నుంచి వీణ్ణి ఎవరి దగ్గరా వదల్లేదు, ఉద్యోగం ఊసే ఎత్తలేదు. ఇవాళ మీ దగ్గరే మొదలు. తేడా వస్తే పిల్లల ఆస్పత్రికి పరిగెత్తండి, నాకు చెప్పండి. ఇంటర్వ్యూలో ఉన్నా సరే చెప్పండి."

ఆ "మీ దగ్గరే మొదలు" అన్న మాటకి కొత్త కోడలు పొంగిపోయింది. అత్తవారి వైపు నుంచి అప్పటిదాకా ఆమె చేతికి వచ్చిన పెద్ద బాధ్యత, పెళ్లి దండలు తీసి పెట్టెలో సర్దడం.

వదిన వెళ్లగానే ఆమె పాల ప్యాకెట్టు వైపు చూసింది. మూలలు నాని, వాడిపోయిన ఆకు రంగులో, చూడ్డానికి మహా వికారంగా ఉంది. పెళ్లి బహుమతుల్లో ఒకేలాంటి గాజు సీసాల పెట్టె ఒకటి వచ్చింది. తెల్లని మూతలు, మూత మీద గుండ్రటి బొడిపె. ఉప్పు, చక్కెర, కాఫీపొడి, గుండీలు, సూదులు అన్నీ ఆ సీసాల్లోకి చేరాయి. సీసాలోకి చేరని వస్తువు ఆ ఇంట్లో భర్త ఒక్కడే. కాబట్టి సోయా పాలూ సీసాలోకి వెళ్లాయి. పక్కనే అలాంటి సీసాలోనే ఆవు పాలున్నాయి. పొరపాటు జరక్కుండా, బహుమతులకి కట్టి వచ్చిన ఎర్ర రిబ్బను ముక్క ఒకటి వెతికి సోయా పాల మూత బొడిపెకి ముడేసింది. రెండు సీసాలనూ కిటికీ పక్కన పొట్టి బల్ల మీద పెట్టింది. ఎండ గాజులోంచి దిగి పాల మీద పడుతుంటే ఎంత బాగుందో చూపిద్దామని భర్తను పిలిచింది. ఆయన స్నానంలో ఉన్నాడు. ఆ ఎండలోనే నాలుగు చినుకులు టపటపమన్నాయి.

"ఏమండీ! డాబా మీద బట్టలు తడిసిపోతున్నాయి. పిల్లాణ్ణి చూస్తుండండి!" అని మెట్లెక్కి పరిగెత్తింది.

"ఇదిగో, వచ్చేశా!" అన్నాడు భర్త. వచ్చేశాడు కూడా, కాకపోతే తువ్వాలు వెతుక్కున్నాక. ఆ కాస్త సేపూ ఇంట్లో తనిఖీకి అడ్డులేదు.

కళ్లజోడు లేకుండానే బయటికి వచ్చిన మేనమామకి, బల్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని ఏ పాపం ఎరగనట్టు నిలబడ్డ మేనల్లుడు కనిపించాడు. బల్ల మీద రెండు సీసాలు, ఒకదానికి ఎర్ర రిబ్బను. ఆయన మనసు భార్య పట్ల గౌరవంతో నిండిపోయింది. ఎంత ముందుచూపు! ప్రమాదమున్న చోట ఎర్ర గుర్తు పెట్టింది. రోడ్డు మీద అయినా, మందు డబ్బా మీద అయినా ఎరుపంటే ఆగమనేగా అర్థం? రిబ్బను లేని సీసాలోంచి గిన్నె నిండా పోసి పిల్లాడికి పట్టాడు. ఇన్‌స్పెక్టరు గుటగుటా తాగి, గిన్నె బోర్లించి, ఇక మీరు వెళ్లొచ్చన్నట్టు చూశాడు.

ఆమె బట్టల మోపుతో దిగి వచ్చింది. రిబ్బను లేని సీసాలోంచే పాలు తీసి కాఫీ కలిపింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని తాగారు.

"ఎలా ఉంది?"

"అద్భుతం. ఇవాళ ఏదో కొత్త రుచి."

ఆమె మురిసిపోయింది. "పిల్లాడికి పాలు పట్టారా?"

"పట్టకుండానా? నువ్వు ఎర్ర గుర్తు కట్టి మంచి పని చేశావు. దాని జోలికే పోలేదు."

ఆమె కప్పు కింద పెట్టింది. "జోలికే పోకపోవడం ఏంటండీ? రిబ్బను కట్టిందే వాడి పాలకి!"

"ఎరుపు ప్రమాదానికి కదా?"

"ఎరుపు ముద్దుకి గుర్తండీ!"

ఇద్దరూ ఒకేసారి పిల్లాడి వైపు తిరిగారు. దిండ్ల మధ్య కూర్చున్న ఇన్‌స్పెక్టరు మూతి చుట్టూ, గడ్డం దాకా, ఎర్రెర్రని మచ్చలు!

ఆ తర్వాత జరిగినదాన్ని పరిగెత్తడం అంటే తక్కువ చెప్పినట్టే. ఆయన కళ్లజోడు కోసం ఫ్రిజ్‌లో వెతికాడు. ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని, ఎదురు వాటా తలుపు దబదబా బాదింది. ఆ తలుపు మీద డాక్టరని రాసి ఉంది. తీరా తెరిచింది పశువుల డాక్టరు.

"డాక్టరుగారూ, ఆవు పాలు..."

"ఆవు పాలివ్వకపోతే నేను చూస్తానమ్మా," అన్నాడాయన నింపాదిగా. "ఆవు పాలు తాగినవాణ్ణి మాత్రం పిల్లల డాక్టరే చూడాలి. ఊపిరి బాగానే ఆడుతోంది కదా? పదండి, కారు తీస్తా."

కారు వెనక సీట్లో ఒక బుట్ట ఉంది. బుట్టలో, వైద్యం పూర్తయి యజమాని ఇంటికి వెళ్లాల్సిన పిల్లి ఉంది. ముందు సీట్లో భర్త ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటుతో కూర్చున్నాడు. వెనక భార్య ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో వదినకి ఫోన్ చేసింది. మోగలేదు. ఇంటర్వ్యూ జరుగుతున్న ఆఫీసుకే చేసింది.

"ఆవిడ లోపలున్నారండీ. విషయం చెప్పండి, చేరవేస్తాను," అంది అక్కడి రిసెప్షనిస్టు.

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. చెబితే ఆ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ నమ్మకం పోతుంది. "వాళ్ల బాబు పాలు తాగాడని చెప్పండి. వెంటనే చెప్పండి!"

రిసెప్షనిస్టు మళ్లీ అడిగింది. "పాలు తాగాడు... అంతేనా అండీ?"

"అంతే. ఆవిడకి అర్థమవుతుంది. పిల్లల ఆస్పత్రికి వెళ్తున్నాం."

"తాగకపోతే కదండీ కబురు పెట్టేది..." అంటూనే ఆ పిల్ల లేచి వెళ్లినట్టు కుర్చీ చప్పుడైంది.

ఈలోగా ఇన్‌స్పెక్టరు బుట్ట మూత చూశాడు. కారు ఆస్పత్రి ముందు ఆగి తలుపు తెరుచుకునేసరికి అందరికన్నా ముందు పిల్లి దిగింది. పిల్లి వెనక పశువుల డాక్టరు, ఆయన వెనక ఆస్పత్రి కాపలాదారు, ముగ్గురూ రక్తపరీక్షల గది వైపు మాయమయ్యారు. జ్వరంతో కూర్చున్న పిల్లలంతా ఏడుపు ఆపి చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మ పిల్లాడి ఛాతీ విన్నది, పొట్ట నొక్కింది, నోరు తెరిపించి చూసింది. తర్వాత తడి దూది తీసుకుని గడ్డం మీద ఒక్కసారి తుడిచింది. మచ్చ దూదికి అంటుకుని వచ్చేసింది.

"దద్దుర్లు తుడిస్తే పోవమ్మా. ఇది రంగు. ఎర్రటిది ఏదైనా చప్పరించాడా?"

భార్యాభర్తలు ముఖాలు చూసుకున్నారు. "కానీ పాలైతే తాగాడండీ, గిన్నె నిండా," అన్నాడు భర్త, శిక్ష తప్పిపోతుందేమోనన్నట్టు.

"అయితే ఇక్కడే కూర్చోండి. వాణ్ణి గమనిద్దాం."

కూర్చున్నారు. అంతలోనే వదిన తుఫానులా వచ్చింది. జుట్టు రేగి ఉంది, చేతిలో సర్టిఫికెట్ల సంచి తలకిందులుగా ఉంది. పిల్లాణ్ణి లాక్కుని తల నుంచి కాలిదాకా తడిమింది. కొత్త కోడలు ఒక్క మాటా దాచకుండా చెప్పింది: వికారపు ప్యాకెట్టు, సీసా, రిబ్బను, డాబా మీద బట్టలు. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "తప్పు నాదే వదినా. మీ ఉద్యోగం కూడా..."

"ఉద్యోగం సంగతి సరే," అంది వదిన ఆయాసపడుతూ. "ఆ పిల్ల లోపలికొచ్చి, 'మీ అబ్బాయి పాలు తాగాడటండీ' అంది. పెద్దమనుషులంతా నవ్వి, శుభం అన్నారు. నేను కుర్చీ తన్నుకుని పరిగెత్తాను. వాళ్లేమనుకున్నారో మరి."

ఇన్‌స్పెక్టరు తల్లి ఒళ్లోంచి జారి డాక్టరమ్మ బల్ల దగ్గరికి నడిచాడు. దూది సీసా మూత తీశాడు. బొడిపెని కాసేపు చప్పరించాడు. పక్కనున్న ఖాళీ సీసా మూత తీసి దూది సీసాకి పెట్టాడు, చేతిలోది ఖాళీ సీసాకి పెట్టాడు. తృప్తిగా తలూపాడు.

కొత్త కోడలి ఏడుపు ఠక్కున ఆగింది. "ఏమండీ... మీరు స్నానం నుంచి వచ్చేసరికి వీడెక్కడున్నాడు?"

"బల్ల పక్కన." ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "కాఫీ! ఇవాళ కాఫీ ఏదో గడ్డి ఉడకబెట్టినట్టు ఉంది!"

"అద్భుతం అన్నారు కదా?"

"కొత్త పెళ్లాం పెట్టిన కాఫీని అంతకన్నా ఏమంటారోయ్?"

ఇంటికి వెళ్లి చూస్తే అంతా తేలింది. ఎర్ర రిబ్బను ఉన్న సీసాలో పాలు అంగుళం కూడా తగ్గలేదు, పైన మీగడ తేలుతోంది. రిబ్బను మాత్రం నానిపోయి వెలిసింది. రెండో సీసా దాదాపు ఖాళీ. భార్య పెట్టిన గుర్తును పిల్లాడు తారుమారు చేశాడు. భర్త ఆ గుర్తును తారుమారుగా అర్థం చేసుకున్నాడు. రెండు తప్పులూ కలిసి పిల్లాడికి సరైన పాలే పట్టాయి. మిగతావి ఆలుమగలు కాఫీలో తాగేశారు.

కొత్త కోడలు తల దించుకుని నిలబడింది. వదిన చాలాసేపు ఆ సీసాల వైపే చూసింది. చూసి చూసి నవ్వింది.

"మా ఇంట్లో అయితే, నిజంగా తాగినా 'రెండు గుక్కలకి ఏమవుతుంది' అని నా దగ్గర దాచేవాళ్లు. మీరు తాగని పాలకే ఆస్పత్రికి పరిగెత్తారు, పైగా నాకు చెప్పారు. పిల్లిని కూడా వదల్లేదు."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. రిసెప్షనిస్టు. "బాబుకెలా ఉందని పెద్దాయన అడగమన్నారండీ. నేను ఆస్పత్రి సంగతి కూడా చెప్పాను. మిగిలిన ఇంటర్వ్యూ రేపు చేస్తామంటున్నారు. రేపు మాత్రం బాబుకి పాలు పట్టేసి రమ్మన్నారు."

వదిన ఫోన్ పెట్టేసి పిల్లాడి వైపు చూసింది, తర్వాత తమ్ముడి కాళ్ల వైపు చూసింది. ఆయన ఇంకా ఒక చెప్పు, ఒక బూటుతోనే ఉన్నాడు.

"రేపు కూడా ఇక్కడే దింపుతాను మరదలా," అంది.

మర్నాడు సోయా పాలు అలాంటి వికారపు ప్యాకెట్టులోనే బల్ల మీద కూర్చున్నాయి. ప్యాకెట్టుకి మూత ఉండదు.