ఖాళీగా కనబడిన ఉప్పు అరుగు

ఆ పొద్దున కమలాక్షి పెట్టుకున్న పని ఒక్కటే, ఆవకాయ. గౌనిపల్లి తోట కాయలు ముందురోజే దిగాయి. కొట్టిన ముక్కలు గాలికి ఆరాలంటే అండర్సన్‌పేటలో వాళ్ళ అంగడి ముందరి రాతి అరుగును మించిన చోటు లేదు. కానీ ఆ అరుగు కల్లుప్పు బస్తాలది. ఆమె మామగారి కాలం నుంచీ అంగడికి తాళం పడినా బస్తాలు బయటే ఉండేవి. బంగారు గనిలో షిఫ్టు దిగినవాళ్ళు కావలసినంత తీసుకుని, మరునాడు చెప్పిపోయేవాళ్ళు. ఉప్పు దొంగిలిస్తే ఇల్లు కరిగిపోతుందని ఊరి నమ్మకం. ఊరు దొంగిలించదని ఆ ఇంటి నమ్మకం. గనులు మూతపడ్డా అరుగు మాత్రం ఎన్నడూ ఖాళీ కాలేదు.

ఆ పొద్దున అయింది.

"బస్తాలు వెనక వసారాలో వేయండి, అరుగు కడగాల" అంది కమలాక్షి.

"మా నాయన ఉండింటే నీ ఆవకాయకు అరుగు ఇచ్చుండునా?" అని సణిగాడు ఆమె మొగుడు చెన్నకేశవ.

"మీ నాయన రెండో ముద్దకు అడిగింది ఆ ఆవకాయనే. ఎత్తండి."

అరుగు తడిగా, బోసిగా ఉన్న ఆ కాసేపట్లోనే ఎదురింటి నేత్ర అటుగా పోయింది. బెంగళూరులో ఆఫీసు పని. మారికుప్పంలో రైలుబండి అందుకోవాలని పరుగు, ఆ పరుగులోనూ చేతిలో ఫోను. వీధి గ్రూపులో అప్పటికే ఒక కబురు తిరుగుతోంది. సముద్రంలో ఏదో కలిసిందట, మూడు రోజుల్లో దేశంలో ఉప్పు మాయమట. నమ్మాలా వద్దా అని ఊగుతున్న నేత్రకు ఖాళీ అరుగు కనబడింది. ఊగడం ఆగింది. ఫోటో తీసి, "గనులు మూసిన దినం గూడా నిండుగా ఉండిన అరుగు ఇది. ఇంగ మీరే అర్థం చేసుకోండి" అని పెట్టి బండెక్కింది.

బండి బంగారుపేట చేరేలోపల వీధి మొత్తం అర్థం చేసుకుంది.

కమలాక్షి తెల్లపంచె తెచ్చి పరిచేసరికి ఎదురుగా జనం. ముందు వరసలో ఆటో సీనప్ప.

"అమ్మా, ఉప్పు ఉండాదా?"

"ఉండాది. ఎంత కావాలప్పా?"

"ఎంతుంటే అంత."

"ఏం, ఇంట్లో ఎనుమును ఊరబెడతా ఉండావా?"

ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఇంతలో చెన్నకేశవ బయటికొచ్చి, ఊరడిద్దామనుకుని, ఊరికి నిప్పుపెట్టే మాట అన్నాడు. "ఉప్పుకేమప్పా కొదవ? వెనక వసారాలో పెట్టినాం కదా!"

"చూసినారా? వెనక దాచినారు!"

ఒకడు సందులోకి పరిగెత్తి, గోడ మీదుగా బస్తాల ఫోటో తీశాడు. మరుక్షణం కమలాక్షి చేతిలోని ఫోనే ఆమెకు చెప్పింది: "చెన్నకేశవ అంగడిలో ఉప్పు దాపుడు. అరుగును నమ్మిన ఊరికి మోసం."

చెన్నకేశవ గాభరాపడి అంగట్లోని ఉప్పు ప్యాకెట్లన్నీ ఇవ్వడం మొదలుపెట్టాడు. "తోసేస్తా ఉన్నాడంటే రేపు దొరకదనే కదా!" అని జనం పెరిగారు. ప్యాకెట్లు అయిపోయి తలుపు మూశాడు. "మూసేసినాడు, అయిపోయె!" అని ఇంకా పెరిగారు.

"ఇచ్చినా తప్పే, ఇయ్యకపోయినా తప్పే. మా నాయన సంపాదించిన పేరు ఒక పూటలో పోయె" అని అతను ఉసూరుమంటూ బియ్యం మూట మీద కూలబడ్డాడు.

కమలాక్షి ఫోనులో వీధి గ్రూపు తెరిచింది. ఆ సముద్రం కబురును మొదటినుంచీ చదివింది. మూడు రోజులు సరే, ఏ రోజు నుంచి? తేదీ లేదు. చెప్పినవాడి పేరు లేదు. ఫోనులో 'ఉప్పు' అని వెతికింది. అదే సముద్రం, అవే మూడు రోజులు, పోయినేడు ఉగాదికే వచ్చి ఉన్నాయి. పంపింది నేత్ర. దాని కింద దండం బొమ్మ పెట్టింది కమలాక్షే.

ఆమె తలుపు తెరిచి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి నేత్రకు ఫోను చేసింది.

"సముద్రంలో ఏం కలిసిందే తల్లీ?"

"నాకేం తెలుసక్కా, వచ్చింది పంపినాను."

"మా అరుగు గూడా యాడినుంచో వచ్చిందా?"

"అది నేనే చూసినాను!"

"చూసినావు. అడిగినావా?"

"బండి చప్పుడులో వినబడలేదక్కా!"

"పోయినేడు గూడా మూడు దినాల్లో ఉప్పు మాయమని పంపినావే, అప్పట్నుంచి చప్పిడి తింటా ఉండావా?"

గుంపులో మొదటి నవ్వు పుట్టింది. సీనప్ప మాత్రం వదల్లేదు. "అదంతా సరేమ్మా, ఈసారి నిజమైతే?"

"మంచి మాట. ఏమండీ, బస్తాలు బయటికి తెండి." బస్తాలు అరుగెక్కాయి. ఆమె మూతులు విప్పింది. "మేము లోపల కారం కలుపుకుంటా ఉంటాం, కాపలా ఉండదు. ఇంట్లో ఉప్పు లేనివాళ్ళు తీసుకోండి. ఉండీ తీసుకునేవాళ్ళ ఫోటో మాత్రం నేను తీయను."

"ఇంగెవరు తీస్తారు?"

"అందరి చేతుల్లో ఉండాది కదప్పా!"

అందరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు. చేతికొక ఫోను. ఒక్క చెయ్యి కూడా బస్తావైపు సాగలేదు. ఒకావిడకు పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. సీనప్పకు ఎవరో ఆటో పిలిచినట్టు వినబడింది.

ముక్కలు వసారాలోనే ఆరాయి. మధ్యాహ్నం ఊరగాయలోకి ఉప్పు కోసం బయటికొచ్చిన కమలాక్షి గుమ్మంలోనే నిలబడిపోయింది. అరుగు నిండి పొర్లుతోంది. ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వరాదు గనక, పొద్దున కొన్నవాళ్ళంతా ప్యాకెట్లు చప్పుడు కాకుండా పెట్టి, మొహం చూపకుండా పోయారు.

"ఏమే, మన అంగట్లో లేని ఉప్పు గూడా వచ్చిందే!" అన్నాడు చెన్నకేశవ.

"పక్కపేటలో కొన్నది గూడా మన అరుగుకే అప్పజెప్పినారు. ఇంగ చెప్పండి, మీ నాయన పేరు పోయిందా?"

అతను తండ్రి పటం ఉన్న వైపు చూసి, చొక్కా సర్దుకుని, దర్జాగా వెళ్ళి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు.

సాయంత్రం బండి దిగిన నేత్ర ఇంటికి కూడా పోకుండా వచ్చింది. "తప్పయిపాయ కమలాక్షక్కా." ఆమె నోట్లో కొత్తావకాయ ముక్క పెట్టి, అరుగు చూపించింది కమలాక్షి. "ఫోటో తీయి. కింద ఏం రాస్తావో ముందు నాకు చదివి వినిపించు."

నేత్ర రాసి చదివింది: "చెన్నకేశవన్న అరుగు నిండుగా ఉండాది. కళ్ళారా చూసినాను, అడిగి తెలుసుకున్నాను." కమలాక్షి తల ఊపాక పంపింది.

మొదటి జవాబు సీనప్ప నుంచి వచ్చింది: "ఇది పాత ఫోటో. ఎవరూ నమ్మొద్దండి."