టాస్క్‌బార్ ఎక్కడ పెట్టాలి?

ఆ సోమవారానికి రామమోహనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. వనస్థలిపురంలో ఏడింటికి బయలుదేరాలి, ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కాలి, ఎనిమిదికల్లా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో కంప్యూటరు ముందు కూర్చోవాలి, తొమ్మిదిలోపు ఆ రోజు క్లాసుకు రాని పిల్లల తల్లిదండ్రులకు మెసేజీలు పంపాలి. ఆ తర్వాత టీ తాగాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఇంతకంటే ఏమీ కోరలేదు.

కాని ఆ మెసేజీల మీదే ఆయన ఉద్యోగం వేలాడుతోంది. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసి బతికిన చేయి అది. కంప్యూటరు చూసే సంతోషిని ఎల్.బి.నగర్ బ్రాంచికి మార్చేశాక, డైరెక్టర్ మహిపాల్ శనివారం సాయంత్రం తలుపు దగ్గర నిలబడే చెప్పేశాడు. "రావు సార్, సోమవారం నుంచి మీరే పంపాలె. తొమ్మిదింటికి పోకుంటే ఏమనుకోకుండ్రి, కొత్త పిల్లను పెట్టుకుంట." ఈ వయసులో ఇంకెవరూ పని ఇవ్వరని రావుకు తెలుసు. ఆదివారమంతా ఆయనకు అన్నం సహించలేదు.

సంతోషి వెళుతూ వెళుతూ ఒక చీటీ రాసిచ్చింది. తెర కింద ఉండే పట్టీలో ఎడమ నుంచి నాలుగో బొమ్మ నొక్కితే మెసేజీలు. ఆయనకు కంప్యూటరంటే ఆ నాలుగో బొమ్మే.

కంప్యూటరు ఆన్ చేయగానే తెర నిండా మహిపాల్ తండ్రి ఫొటో కనిపించింది. అది కొత్తగా పెట్టింది. నడుమ కుర్చీలో పెద్దాయన, ఎడమ అంచున భార్య అండాలమ్మ, కుడి అంచున కోటు వేసుకున్న మహిపాల్. పెద్దాయన పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. ఫొటో బాగానే ఉంది. కింద పట్టీయే లేదు.

శనివారం తనే ఏదో నొక్కి చెడగొట్టానని రావు నిశ్చయించుకున్నాడు. ఊడవడానికి వచ్చిన సైదమ్మ ఆయన మొహం చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఏమైంది సారూ?"

"కింద నల్లగా ఒక పట్టీ ఉండేది సైదమ్మా. పోయింది."

సైదమ్మ గుండె మీద చేయి వేసుకుంది. "నేనే తడిబట్టతోని తుడిసిన సారూ. జర గట్టిగనే రుద్దిన. గప్పుడు పోయిందేమో. పెద్దసారుకు చెప్పకుండ్రి, నన్ను తీసేస్తడు."

"ముందు నన్ను తీసేస్తారులే. ఆ తర్వాత నువ్వు."

ఇద్దరూ కాసేపు ఎవరి దిగులు వాళ్లు పడ్డారు. తడిబట్టకు పోయింది పొడిబట్టకు వస్తుందేమోనని సైదమ్మ తెర తుడవబోతే, ఆమె మోచేయి తగిలి మౌస్ జరిగింది. తెర అడుగున పట్టీ ట్యూబ్‌లైటు వెనక బల్లిలా తొంగి చూసింది. రావు కళ్లజోడు సర్దుకునేలోపు మళ్లీ లోపలికి పోయింది.

ఎనిమిదీ ఇరవైకి సంతోషికి ఫోన్ చేశాడు. ఎల్.బి.నగర్‌లో ఆమె చుట్టూ పిల్లల గోల.

"బాణం కిందికి తీస్కపోండి సార్, వస్తది. దాని మీద కుడి బటన్ నొక్కితే ఆఖరికి టాస్క్‌బార్ సెట్టింగ్స్ అని ఉంటది. అండ్ల హైడ్ అన్నది ఆఫ్ చేయుండ్రి. గంతే." ఫోన్ పెట్టేసింది.

గంతే అయితే బాగుండేది. లోపల హైడ్‌లు రెండున్నాయి. రావు ఒకటి ఆపాడు. ఆయన అదృష్టం ఎప్పటిలాగే పనిచేసింది, ఆపిన హైడ్ ఈ కంప్యూటరుకు సంబంధం లేనిది. పట్టీ ఇంకా దాక్కుంటూనే ఉంది. ఆ కిందే పట్టీని తెరకు ఏ పక్క పెట్టాలో అడుగుతోంది. కింద దాక్కుంటున్నది కాబట్టి పైన పెడితే దానికి చోటు దొరకదని ఆలోచించి, పైన పెట్టాడు. అది పైకి వెళ్లి అక్కడ దాక్కుంది. చివరికి రెండో హైడ్ కూడా ఆపేశాక పట్టీ తెర నెత్తిన స్థిరంగా నిలబడింది. గాజు మీద వేలు పెట్టి నాలుగు లెక్కపెట్టాడు. ఎనిమిదీ యాభై ఏడుకు మెసేజీలన్నీ వెళ్లిపోయాయి. సైదమ్మ కంప్యూటరుకు దండం పెట్టి టీకి పరుగెత్తింది.

ఆ టీ చల్లారకముందే మహిపాల్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో బంతిపూలు. తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నల్లపట్టీ పెద్దాయన తలపాగాను మింగేసి కనుబొమల దాకా దిగి ఉంది.

"మా నాయన నెత్తి మీద గిదేంది? ఎవరు పెట్టిండ్రు?"

"నేనేనండి. కిందది కనపడక..."

"కాళ్ళ మీద పడ్తదని నేనే దాచిన సార్! పొద్దుగాల నాయన కాళ్ళకు మొక్కుదామని నిన్న రెండు గంటలు కూసోని దాచిన!"

గంటసేపు తను చచ్చింది ఇందుకా అని రావుకు ఒళ్లు మండింది. మండినా చేసేదేముంది, జీతమిచ్చేవాడు. గబగబా పట్టీని ఎడమకు మార్చాడు. ఫొటోలో అండాలమ్మ మాయమైంది.

"ఉన్న అమ్మను గూడ తీసేస్తిరా?"

కుడికి మార్చాడు. ఈసారి మహిపాలే పోయాడు. సైదమ్మకు నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకుంది.

"చాలు రావు సార్. ఇగ లేవుండ్రి కుర్చీల నుంచి."

ఆ మాటకు అర్థం రావుకు తెలుసు. లేచి నిలబడ్డాడు. ఇంట్లో భార్యకు ఎలా చెప్పాలా అన్నది తప్ప ఇంకేమీ తోచలేదు.

"ఆగు బిడ్డా," అంది అండాలమ్మ. "కిందనే పెట్టమను."

"కాళ్ళ మీద పడ్తదే అమ్మా!"

"పడనియ్యి. షుగరుతోని రెండు వేళ్ళు తీసేసినంక మీ నాయన ఆ కాళ్ళు ఎవ్వరికి సూపియ్యలే. ఎండకాలం గూడ దుప్పటి కప్పుకునేటోడు. ఫొటో దిగేటప్పుడు టువాల కప్పుమని నాకు సైగ చేసిండు. అందరు తయారుగ నిలబడ్డరని నేనే కప్పలే. గిప్పుడన్న కప్పుండ్రి."

మహిపాల్ అప్పుడు చూశాడు తండ్రి కాళ్లను. మొక్కాలనుకున్నాడే గాని అంతవరకూ వాటిని చూడలేదు. ఎడమపాదం కుర్చీ కోడు వెనక్కి సగం లాక్కుని ఉంది. కానిమ్మని రావుకు చేయి ఊపాడు.

రావు కూర్చుని పట్టీని కిందికి దించాడు. అది పాదాలను కప్పి నిలిచింది. అండాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. రావుకూ ఏడుపు వచ్చింది, ఎవరికోసమో ఆయనకే తెలియదు.

చివరికి మహిపాల్ ముక్కు చీదుకుని ఆయన వైపు తిరిగాడు.

"నాకు ఒక్కటి దాచెతందుకే రెండు గంటలు పట్టింది సార్. మీరు నిమిషంల నాలుగు దిక్కుల తిప్పిండ్రు. మీకింత తెలుసని నాకెప్పుడు చెప్పలే. కొత్త పిల్ల వద్దు, ఏమొద్దు. ఎల్.బి.నగర్‌ల ఆరు కంప్యూటర్లున్నయి. అన్నింట్ల నాయన ఫొటో పెట్టాలె. రేపటి సంది గవన్ని మీరే చూస్కోండ్రి."

రామమోహనరావుకు ఉద్యోగం పోతుందన్న భయం ఆ పూటతో తీరింది. ఉంటుందన్న భయం పట్టుకుంది.