వంకర స్తంభం మీద కాకి

ఆ రోజు లాండ్రీ అక్క పథకం చాలా చిన్నది. హోటలు దుప్పట్ల ఇస్త్రీ ముగించాలి, లైబ్రరీ హాలుకు వెళ్ళాలి, అక్కడ గోడ మీద తన పేరుతో వేలాడుతున్న ఫోటోను దింపి తన ఫోటో పెట్టి రావాలి. దిండు గలీబులో చుట్టిన ఆ ఫోటో ఇస్త్రీ బల్ల కింద సిద్ధంగా ఉంది.

ఆమె పేరుతో ఉన్నది ఆమె ఫోటోయే కదా అంటారా? గొడవంతా అక్కడే ఉంది.

కిందటి వారం లాండ్రీ వెనక చెరువు మీద పొద్దు పొడుస్తుంటే అక్క తన ఫోన్‌తో ఒక ఫోటో తీసింది. ఎర్రబడ్డ నీళ్ళు, గట్టు మీద ఒక పక్కకు ఒరిగిన కరెంటు స్తంభం, దాని కొన మీద ఒక కాకి. తడిబట్టలు ఆరేస్తూ ఏళ్ళ తరబడి చూస్తున్న దృశ్యమే అది. ఇంత ఒరిగి కూడా పడిపోలేదు కదా అని ఆ స్తంభాన్ని చూస్తే ఆమెకు ధైర్యంగా ఉండేది.

ఆ ఫోటోను ‘ప్రకృతి మిత్రులు’ అనే గ్రూపులో పెట్టింది. సరదాకి ఫోటోలు తీసుకునేవాళ్ళ గ్రూపు అది, పెద్దదిక్కు పళ్ళ డాక్టరు. అక్కడ ఎవరూ సలహా ఇచ్చి ఊరుకోరు. ఫోటోను తామే సరిచేసి మళ్ళీ పెడతారు, సరిచేసినదాన్ని ఇంకొకరు సరిచేస్తారు. తీసినవాళ్ళు "ధన్యవాదాలు, నేర్చుకున్నాను" అని రాసి అసలు ఫోటోను తుడిచెయ్యాలి. అది కట్టుబాటు.

వంకరగా ఏది కనబడినా పీకెయ్యడం డాక్టరుగారికి వృత్తిరీత్యా వచ్చిన అలవాటు. స్తంభాన్ని పీకేశారు. కాకి గాల్లో మిగిలిపోయింది. గాల్లో ఉన్నా లెక్క ప్రకారం ఉండాలని బ్యాంకు క్యాషియరు దాన్ని ఓ మూలకు జరిపాడు. డ్రాయింగు టీచరమ్మకు నలుపు గిట్టదు, అందుకని కాకిని కొంగను చేసింది. పాపం ఒంటరిగా ఉందని ఇంకెవరో నాలుగు కొంగల్ని తోడిచ్చారు. తిలా పాపం తలా పిడికెడు. చివరికి తేలినదాన్ని డాక్టరుగారు పెద్దదిగా అచ్చు వేయించి, కింద అక్క పేరు రాయించి, లైబ్రరీ హాల్లో గ్రూపు ప్రదర్శనలో పెట్టించారు.

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని! అందరూ బాగుందంటుంటే నీకేంటే నొప్పి?" అన్నాడు మొగుడు, ఇస్త్రీ ఆపకుండానే.

"అంత బాగుంటే వాళ్ళ పేరే రాసుకోమను. నేను తీసింది కాకిని. ఆ కొంగలకి నా పేరెందుకు?"

"డాక్టరుగారు ఏమనుకుంటారో?"

"నా పన్నయితే ఆయన పీకొచ్చు. నా స్తంభం పీకడానికి వీల్లేదు," అంటూ అక్క గలీబు చంకన పెట్టుకుని బయలుదేరింది.

హాల్లో లైబ్రేరియన్ అడ్డం పడ్డాడు. డాక్టరుగారిని అడక్కుండా మేకు కూడా కదపడానికి లేదన్నాడు. వాళ్ళిద్దరూ వాదించుకుంటూ ఉండగానే, రోజూ పేపరు చదవడానికి వచ్చే కరెంటాఫీసు ఇంజనీరు కొంగల ఫోటో ముందు ఆగిపోయాడు. కింద ‘లాండ్రీ వెనక చెరువు’ అని రాసి ఉంది.

"ఈ గట్టు మీద నా స్తంభం ఉండాలే! పడిపోయిందా?"

"స్తంభం పడిపోతే ఈ ఫ్యానెలా తిరుగుతుంది సార్?" అన్నాడు లైబ్రేరియన్.

"అదేనయ్యా నా భయం! తీగ నీళ్ళలో పడుందన్నమాట!" ఇంజనీరు అప్పటికే ఫోన్ తీశాడు. "ఆ లైను ఆపెయ్యండి. వెంటనే!"

ఫ్యాను ఆగింది.

"సార్, స్తంభం చెరువు దగ్గరే ఉంది. ఫోటోలోనే లేదు," అంది అక్క.

"ఫోటో అబద్ధం చెప్తుందా అమ్మా?"

"ఈ ఫోటో చెప్తుంది. డాక్టరుగారు పీకేశారు."

"ఏ డాక్టరు? ఎందుకు?"

"పళ్ళ డాక్టరు. వంకరగా ఉందని."

ఇంజనీరు తన ఉద్యోగంలో ఇలాంటి నేరం విని ఉండలేదు. అక్క నోరు తెరిచేలోగా మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. "ఇద్దర్ని చెరువు దగ్గరికి పంపు. ఇద్దర్ని పళ్ళాసుపత్రికి పంపు."

ఆసుపత్రిలో జరిగింది తరవాత క్యాషియరే చెప్పాడు. అతని దవడ పన్ను తొలుస్తుండగా కరెంటు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇద్దరు లైన్‌మన్‌లు నిచ్చెనతో సహా లోపలికి వచ్చి, "డాక్టరుగారూ, స్తంభం ఎక్కడ దాచారు?" అని అడిగారు. మంచం కింద కూడా చూశారట.

కాసేపటికి డాక్టరుగారు చేతి తొడుగులతోనే హాల్లోకి పరుగెత్తుకొచ్చారు. వెనకే బుగ్గలో దూదితో క్యాషియరు.

"అక్కా, అసలు ఫోటో ఉంటే చూపించండి! ఈ ఇంజనీరుగారు నన్ను దొంగంటున్నారు!"

"తుడిచెయ్యాలని కట్టుబాటు పెట్టింది మీరే కదండీ?"

"తుడిచేశారా?" డాక్టరుగారు తొడుగుల చేతులు రెండూ నెత్తిన పెట్టుకున్నారు.

అక్క గలీబును గుండెకు హత్తుకుంది. ఇన్నాళ్ళూ గ్రూపులో ధన్యవాదాలు రాసి రాసి విసిగిపోయిన మనిషి, ఇప్పుడు వెనక్కి తగ్గదలచుకోలేదు. "తుడవలేదు. కానీ ఇది బయటికొస్తే గోడెక్కాలి. ఉన్నదున్నట్టు, స్తంభంతో, కాకితో. ఎవరూ వేలు పెట్టకూడదు."

"కానీ అక్కా, చూపంతా ఆ స్తంభం మీదికే పోతుంది."

"నేను చూపించింది దాన్నే."

"ఒప్పుకోండి డాక్టర్!" దూది చాటు నుంచి క్యాషియరు మూలిగాడు. "నా పన్ను సగంలో ఉంది!"

డాక్టరుగారు కొంగల్ని స్వయంగా కిందికి దింపారు. అక్క తన ఫోటోను అదే మేకుకు తగిలించింది. ఇంజనీరు కళ్ళజోడు సవరించుకుని రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. అవే నీళ్ళు, అదే గట్టు. "ఇదిగో నా స్తంభం!" అని తప్పిపోయిన పిల్లవాడు దొరికినట్టు సంతోషించాడు. మరుక్షణం మొహం చిట్లించాడు. "ఇంతగా ఒరిగిందా? ఎవరూ చెప్పలేదే!"

ఇంజనీరు ఫోన్ చెయ్యగానే ఫ్యాను తిరిగింది. అక్క చూస్తుండగానే డాక్టరుగారు గ్రూపులో "ధన్యవాదాలు, నేర్చుకున్నాను" అని రాశారు. ఇంటికి వెళ్ళేదాకా అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు పొద్దున్న తడిదుప్పట్లు ఆరేస్తూ గట్టు వైపు చూసి, ఆమె అలాగే నిలబడిపోయింది. చెరువు దగ్గరికి వెళ్ళిన లైన్‌మన్‌లు ఎలాగూ వచ్చాం కదా అని స్తంభాన్ని నిటారుగా నిలబెట్టి పోయారు. దాని మీద కాకి లేదు. అక్కకు దుఃఖం వచ్చింది. ఆ వెంటనే, లైబ్రరీ గోడ మీద ఉన్నది ఇక ఎవరడిగినా దింపనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

అంతలో ఫోన్ మోగింది. గ్రూపులో డాక్టరుగారు. "అక్కా, స్తంభం ఇప్పుడు నిటారుగా ఉంది. మీ ఫోటోలో మాత్రం వంకరగా కనబడుతోంది. నిజానికి తగ్గట్టు సరిచేసి పెట్టాను, చూడండి."

అక్క చేతులు తుడుచుకుని, "ధన్యవాదాలు" అని రాసి, అక్కడితో ఆపేసింది.